చైనా ఐడల్‌ని తిట్టాలంటే 'ఆడది' అనే ఎందుకు అంటారు?

పెరుగన్నం (చర్చ మొదలుపెట్టినవారు) | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. చైనా సీరియళ్ల పిచ్చి నాకు లాక్‌డౌన్‌లో పట్టింది, ఇంకా వదల్లేదు. సీరియళ్ల నుంచి పాటల్లోకి, పాటల నుంచి వాటి కింద కామెంట్లలోకి దిగాను. అక్కడే ఇరుక్కుపోయాను. వీబో (ట్విట్టర్ లాంటి చైనా సైటు) మన దగ్గర 2020 జూన్‌లోనే నిషేధించిన యాప్‌ల జాబితాలో ఉంది కాబట్టి స్క్రీన్‌షాట్లే దిక్కు.

త్సాయ్ షూకున్ అనే ఐడల్ కుర్రాడు (ఐడల్ అంటే అక్కడ పాటలు, డాన్సుల పాప్ తార) బాస్కెట్‌బాల్ పట్టుకుని డాన్స్ చేసే వీడియో మీలో కొందరైనా చూసి ఉంటారు. కింద కామెంట్లు మెషీన్ అనువాదంలో చదివితే "అక్కా", "మేడమ్", "ఏమ్మాయ్" తప్ప ఇంకో మాట లేదు. సరే, మగపిల్లల్ని అలా ఏడిపించడం మనకీ కొత్త కాదులే అనుకున్నాను. తర్వాత లీ యూచున్ అనే గాయని గురించి వెతికాను. ఆమెనేమో అందరూ "అన్న" అంటున్నారు! ముద్దుకి కాదు, వెక్కిరింతకే.

మగవాడైతే ఆడదంటారు, ఆడమనిషైతే మగాడంటారు. అంత పెద్ద దేశంలో ఇంకో తిట్టే దొరకలేదా? వెనక కథ తెలిసినవాళ్లు చెప్పండి. "ఫ్యాన్ వార్ అంటే అంతేలే" అని మాత్రం తేల్చేయకండి ప్లీజ్.


బెంచీ టికెట్ | రాత్రి 9:30

తేల్చేయను గానీ నవ్వొచ్చింది తల్లీ. మా బెజవాడలో మా రోజుల్లో యాంటీ ఫ్యాన్ అంటే అర్ధరాత్రి బయల్దేరి ఎదుటి హీరో పోస్టరు మీద పేడ కొట్టొచ్చేవాడు. ఆ పేడకి ఆడా మగా తేడా తెలీదు. ఈ చైనా సంగతులు నాకు తెలియవు, కూర్చుని వింటాను.


నింగ్బో_టు_నెల్లూరు | రాత్రి 10:05

నేను నింగ్బోలో ఎంబీబీఎస్ చదివాను. 2020 జనవరి సెలవులకి ఇంటికొచ్చి, కరోనా దెబ్బకి మిగతాది ఆన్‌లైన్‌లో లాగించిన బ్యాచ్. డాక్టరీ కన్నా క్యాంటీన్ కబుర్లే ఎక్కువ నేర్చుకున్నానని మా నాన్న అంటారు.

లీ యూచున్ సంగతి చెప్పకుండా ఈ చర్చ మొదలవ్వదు. 2005. హునాన్ టీవీలో అమ్మాయిల పాటల పోటీ. పోటీ పేరులోనే స్పాన్సర్ వాడి పుల్లటి పాల పానీయం పేరు ఉండేది (పెరుగన్నం గారూ, మీ చుట్టాలే). ఎవరైనా పాడొచ్చు, జనం ఎస్సెమ్మెస్‌తో ఓటేయాలి. చెంగ్డూ నుంచి వచ్చిన ఈ అమ్మాయికి పొట్టి జుట్టు, వదులు ప్యాంటు, బొంగురు గొంతు. మగవాళ్లు పాడే పాటలు ఎంచుకునేది. ఫైనల్లో 35 లక్షలకు పైగా ఓట్లతో గెలిచింది. డబ్బులు పెట్టి పంపిన ఎస్సెమ్మెస్‌లు అవి.

అభిమానుల్ని అక్కడ 'ఫెన్‌సి' అంటారు. ఇంగ్లీషు 'ఫ్యాన్స్' అన్న మాటకి దగ్గరగా పలుకుతుందని పెట్టుకున్నారు, అసలర్థం పెసరపిండి సేమియా. దాంతో ఎవరి అభిమానులకి వాళ్లు తిండి పేర్లు పెట్టుకోవడం మొదలైంది. లీ యూచున్ అభిమానులు 'మొక్కజొన్న', మూడో స్థానంలో వచ్చిన జాంగ్ ల్యాంగ్‌యింగ్ అభిమానులు 'ల్యాంగ్‌ఫెన్', అది ఒక చల్లటి వీధి తిండి. ఇంతవరకూ సరదాయే.

ఇక తిట్టే బ్యాచ్. వాళ్లు ఈమెకి 'చున్ గ' అని పేరు పెట్టారు, అంటే చున్ అన్న. ఆమె ముఖం కోసి కండల వీరుల ఒంటికి అతికించేవాళ్లు. "చున్ అన్నని నమ్ముకో, చావన్నది ఉండదు" అన్న మాట 2009 ప్రాంతంలో ఇంటర్నెట్ అంతా నిండిపోయింది. నేను వెళ్లేసరికి ఆ మీమ్ పాతబడిపోయింది, అయినా పరీక్షలకు ముందు మా క్లాసు వాళ్లు అదే మాట రాసుకునేవాళ్లు. లీ యూచున్ పాట ఒక్కటి కూడా వినని వాళ్లు కూడా. తిట్టు అరిగి అరిగి సామెతలా మారిపోయింది. ఆమెకి మాత్రం అది తిట్టుగానే మిగిలి ఉంటుంది.


కూకట్‌పల్లి కుర్రాడు | రాత్రి 10:21

ఒక్క మాట అంటాను, అందరూ మీద పడకండి. అబ్బాయి లిప్‌స్టిక్ పూసుకుని, చెవులకి పోగులు పెట్టుకుని ముద్దు ముద్దుగా మాట్లాడితే జనం అనరా? ఇందులో జెండర్ స్టడీస్ ఏముంది? నచ్చలేదు, అన్నారు.


స్వాతి_శాన్ హోసే | రాత్రి 11:40

మీద పడను తమ్ముడూ, కానీ "నచ్చలేదు, అన్నారు" అన్నంత సింపుల్ కాదు. నచ్చని సినిమా మనం చూడం. వీళ్లు రోజూ చూసి, కట్ చేసి, ఎడిట్ చేసి, పాట కట్టి మరీ తిడతారు. అభిమానుల కన్నా ఎక్కువ సార్లు చూస్తారు.

హూపూ అని ఒక సైటుంది. బాస్కెట్‌బాల్ అభిమానులది, నూటికి తొంభై పాళ్లు మగ వాతావరణం. తమని తాము 'జీనాన్' అని చెప్పుకుంటారు, 'స్ట్రెయిట్' మగాళ్లం అని. ఏటా 'దేవతల పోటీ' పెట్టి నటీమణులకి ఓట్లేసి ర్యాంకులిస్తారు. 2018 జూలైలో పాప్ గాయకుడు క్రిస్ వూ, అంటే వూ యీఫాన్, పాడిన దానిలోంచి గొంతు మాత్రం విడదీసి ఆ ఆడియో అక్కడ పెట్టి నవ్వారు. అభిమానులు తీసెయ్యమన్నారు, వాళ్లు ససేమిరా అన్నారు. చివరికి వూ వాళ్లని తిడుతూ ఏకంగా ఒక ర్యాప్ పాటే విడుదల చేశాడు. అప్పట్నుంచి హూపూ వర్సెస్ వీబో అంటే మగాళ్లు వర్సెస్ ఆడపిల్లలు అన్నట్టు తయారైంది.

ఆర్నెల్లు తిరక్కుండా, 2019 జనవరిలో, ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) వాళ్లు వసంత పండగ, అంటే చైనా కొత్త సంవత్సరం, ప్రచారానికి త్సాయ్ షూకున్‌ని పెట్టుకున్నారు. అంతే, నిప్పంటుకుంది. "మా ఆటకి ఈ ఆడంగి వాడా" అన్నది హూపూ బాధ. ఐడల్ పోటీకి వచ్చినప్పుడు "నాకిష్టమైనవి పాట, డాన్స్, ర్యాప్, బాస్కెట్‌బాల్" అని చెప్పుకున్న క్లిప్ తవ్వి తీశారు. బిలిబిలి అనే వీడియో సైటులో దాని మీద వచ్చిన పేరడీలకి లెక్కలేదు. పాటలో ఒక వాక్యం "కోడీ, నువ్వెంత అందగత్తెవో" అన్నట్టు వినిపిస్తుందని కోడి బొమ్మ అతనికి తగిలించారు. అతని లాయర్లు 2019 ఏప్రిల్‌లో బిలిబిలికి నోటీసు పంపితే పేరడీలు ఇంకో పదింతలయ్యాయి.

నాకు ఆసక్తిగా అనిపించింది తర్వాతి ఘట్టం. తిట్టేవాళ్లు 'ఐకున్' అంటూ అతని అభిమానుల పేరే పెట్టుకున్నారు. "మేం వీర ఫ్యాన్స్, నువ్వే నల్లోడివి" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. (అక్కడ 'హెయ్' అంటే నలుపు, యాంటీ ఫ్యాన్‌ని 'హెయ్‌ఫెన్' అంటారు. నల్ల సేమియా అనుకోండి.) ఇప్పుడు ఎవరు నిజం ఫ్యానో ఎవరు నటిస్తున్నారో పోల్చుకోలేం.


బోర్డు మీద సుద్ద | శనివారం, ఉదయం 6:50

డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెబుతాను, ఆ అలవాటు ఇక్కడా పోదు, క్షమించండి.

యాంటీ ఫ్యాన్ అనేవాడు అభిమానికి వ్యతిరేకి కాదు, అభిమానికి కవల. ఈ మాటని మీడియా చదువుల్లోకి తెచ్చి నిలబెట్టింది జోనథన్ గ్రే, 2003లో. ఇష్టం లేనివాడు పట్టించుకోడు, యాంటీ ఫ్యాన్ పట్టించుకుంటాడు. అది పాత సంగతే. చైనా ఉదాహరణలో నాకు కనిపించేది వేరు. స్వాతి గారు చెప్పినవన్నీ ఇంకోసారి చదవండి. ఆ తిట్లలో త్సాయ్ షూకున్ పేరుంది గానీ, గురి అతని మీద ఎంతుంది? అతణ్ణి ఇష్టపడే ఆడపిల్లల మీదే ఎక్కువ ఉంది. "ఇలాంటి వాణ్ణి ఇష్టపడతారా, మీకు బుర్ర లేదు" అని.

'నావ్‌సాన్' అని ఒక మాటుంది, మెదడు చెడినవాళ్లు అని. 2010 మే 30న షాంఘై ఎక్స్‌పోలో సూపర్ జూనియర్ అనే కొరియా పాటల బృందం కచేరీ టికెట్ల కోసం తొక్కిసలాట అయింది. అభిమానులు కాపలావాళ్లని తిట్టారని వార్తలొచ్చాయి. దాని మీద జూన్ 9న బైదూ తియెబా అనే చర్చావేదికలో వీడియో గేమ్‌లు ఆడే కుర్రాళ్లు ముందుండి వేలమందిని పోగేసి, ఆ బృందం అభిమానుల పేజీలని చెత్త పోస్టులతో ముంచెత్తారు. దానికి పెట్టుకున్న పేరు 'పవిత్ర యుద్ధం'. నినాదం: మెదడు చెడినవాళ్లు చచ్చేదాకా యుద్ధం ఆగదు. ఎదుట ఉన్నది ఎక్కువగా హైస్కూలు వయసు ఆడపిల్లలు.

రాత్రంతా వీడియో గేమ్ ఆడి, తెల్లారి ఇంకొకరి పేజీ మీద దాడి చేసినవాళ్లకి అది సరదా. పాటగాడి కోసం టికెట్ లైన్లో నిలబడిన పిల్లకి మాత్రం అది మెదడు జబ్బు. కూకట్‌పల్లి బాబూ, జెండర్ స్టడీస్ ఇక్కడుంది.


కూకట్‌పల్లి కుర్రాడు | ఉదయం 9:15

మేడం, ఒప్పుకుంటాను కొంతవరకు. కానీ ఒకటడుగుతా. క్రిస్ వూని 2021 జూలై చివర్లో పోలీసులు పట్టుకున్నారు. 2022 నవంబర్‌లో అత్యాచారం కేసులో 13 ఏళ్లు శిక్ష పడింది. మరి హూపూ వాళ్లే కరెక్ట్ కదా? అప్పుడు వెనకేసుకొచ్చిన ఫ్యాన్సే తప్పు.


స్వాతి_శాన్ హోసే | ఉదయం 10:02

హూపూ వాళ్లు నవ్వింది అతని గొంతు చూసి తమ్ముడూ, నేరం చూసి కాదు. అతని పాపం బయటపెట్టింది ఒక పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అమ్మాయి. ఆ అమ్మాయిని మొదట తిట్టిపోసింది మా అభిమాన మహాలోకమే. "పేరు కోసం చేస్తోంది" అని. నేను అతని పాటలు విన్నదాన్ని కాబట్టి 'మా' అంటున్నాను. సిగ్గుగానే ఉంది.


పెరుగన్నం | ఉదయం 10:30

ఇదే నన్ను తికమక పెడుతోంది. సుద్ద మేడం చెప్పిందాని ప్రకారం మగవాళ్లు ఆడ అభిమానుల్ని తిడుతున్నారు. కానీ నేను చూసిన స్క్రీన్‌షాట్లలో ఆడవాళ్లని ఆడవాళ్లే ఎక్కువ తిడుతున్నారు!


స్వాతి_శాన్ హోసే | ఉదయం 11:18

నిజమే. దాని మీద నేను ఒక పుస్తకం రాయగలను, కానీ పిల్లాడి సాకర్ ప్రాక్టీసుకి టైమైంది. రెండు ముక్కలు చెప్పి పోతా.

2017 అక్టోబర్ 8. లూ హాన్ అనే పాప్ తార వీబోలో "ఈమె నా గర్ల్‌ఫ్రెండ్" అంటూ నటి గువాన్ షావ్‌తోంగ్‌ని పరిచయం చేశాడు. వీబో సర్వర్లు కుప్పకూలాయి. ఆ రోజే పెళ్లి చేసుకుంటున్న వీబో ఇంజినీరు ఒకాయన పెళ్లిలోనే ల్యాప్‌టాప్ తెరిచి సర్వర్లు పెంచుతున్న ఫొటో కూడా తిరిగింది (మన హైదరాబాద్ వాళ్లకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు). ప్రకటించింది అతను. తిట్లు ఎవరికి? ఆ అమ్మాయికి. ఆమె ముఖం, ఒళ్లు, కాళ్లు, నవ్వు, దేన్నీ వదల్లేదు. 'గర్ల్‌ఫ్రెండ్ ఫ్యాన్స్' అని ఒక జాతి ఉంది, ఐడల్‌ని మనసులో ప్రియుడిగా పెట్టుకున్నవాళ్లు. మోసం చేసింది అతనైనా, దోషి మాత్రం దొంగిలించిన ఆడది.

రెండోది '227' గొడవ, ఫిబ్రవరి 27న రాజుకుంది కాబట్టి ఆ పేరు. 2020 సంగతి. అందరూ కరోనాతో ఇంట్లో బందీలు. షావ్ జాన్, వాంగ్ యీబో కలిసి నటించిన సీరియల్ అంతకుముందు ఏడే పెద్ద హిట్. వాళ్లిద్దరినీ జంటగా ఊహించుకుని కథలు రాసే ఆడపిల్లలు వేలల్లో ఉన్నారు. అలాంటి ఒక కథలో షావ్ జాన్ ఆడ మనసున్న మనిషి, ఒళ్లమ్ముకునే పాత్ర. అతని 'ఒక్కడి అభిమానులకి', అంటే జంటని కాక అతణ్ణి మాత్రమే ఇష్టపడేవాళ్లకి, అది అవమానమనిపించింది. కథ పెట్టిన సైట్ల మీద మూకుమ్మడిగా ఫిర్యాదులు కొట్టారు. ఫిబ్రవరి 29 కల్లా ఏఓ3 అనే పెద్ద అభిమాన కథల సైటు చైనాలో తెరుచుకోవడం మానేసింది. అక్కడ రాసుకునేవాళ్లకి, అంటే మళ్లీ ఆడపిల్లలకే, ఇల్లు పోయింది. వాళ్లు తిరగబడి షావ్ జాన్ ప్రచారం చేసే బ్రాండ్లన్నిటినీ బహిష్కరించారు. మార్చి 1న అతని ఆఫీసు క్షమాపణ చెప్పింది. కథ రాసింది అమ్మాయిలు, ఫిర్యాదు చేసింది అమ్మాయిలు, కాలిపోయింది కూడా అమ్మాయిల ఇల్లే.

ఇప్పుడు చెప్పండి, ఆ కథలో వాళ్లకి అవమానంగా తోచిందేమిటి? మగ హీరోని ఆడదానిగా చూపడం. హూపూ వాడికి, వీర ఫ్యాన్‌కి ఒకే మాట తిట్టుగా వినిపించింది.


బెంచీ టికెట్ | మధ్యాహ్నం 12:10

ఆ చివరి వాక్యం నేను రెండుసార్లు చదివానమ్మా.


నింగ్బో_టు_నెల్లూరు | మధ్యాహ్నం 1:45

ఫిర్యాదులు కొట్టడం గురించి నేను కళ్లారా చూసింది చెప్తాను. మా క్లాసులో ఒకమ్మాయి, పేరొద్దు, ఒక ఐడల్‌కి పని చేసేది. పని అనే అనాలి. క్యాంటీన్‌లో నూడుల్స్ చల్లారిపోతున్నా రెండు ఫోన్ల మీద వేళ్లు ఆడుతూనే ఉండేవి. పొద్దున సూపర్ టాపిక్‌లో, అంటే వీబోలోని ఆ ఐడల్ అభిమానుల పేజీలో, హాజరు వెయ్యాలి. పాట వందసార్లు తిప్పాలి. బ్రాండ్ పోస్టు కింద ముందే రాసిచ్చిన పొగడ్త అతికించాలి, చెడ్డ కామెంట్ కిందికి పోవాలి కదా. దాన్ని 'కామెంట్ల అదుపు' అంటారు. ఐడల్ పేరుతో వెతికితే మంచి పోస్టులే కనబడేలా ముంచెత్తడాన్ని 'చౌరస్తా కడగడం' అంటారు. సాయంత్రం యాంటీల పని పట్టే అకౌంట్ ఒకటి ఆ రోజు జాబితా పెడుతుంది, ఎవరి పోస్టుని ఏ కారణం కింద రిపోర్ట్ కొట్టాలో వరసగా.

తమని తాము వాళ్లు 'డేటా ఆడకూలీలు' అనుకునేవాళ్లు. చైనీస్‌లో ఆ మాటలోనే ఫ్యాక్టరీ ఆడకూలీ ఉంది. నవ్వుతూనే అనేవాళ్లు. కూలి ఎవరిచ్చారు అంటే ఎవరూ ఇవ్వలేదు, ఎదురు వీళ్లే పెట్టుకున్నారు. ఇంత పని చేసినవాళ్లకి యాంటీ అంటే మంట ఎందుకు ఉండదు? పొద్దున్నుంచి ఊడ్చిన వాకిట్లో ఎవడో వచ్చి ఉమ్మేసినట్టు ఉంటుంది.

ఇంకొకటి. ఆ అమ్మాయి అందరికన్నా భయపడింది హూపూ మగాళ్లకి కాదు. వదిలేసి వెళ్లిపోయిన పాత అభిమానులకి. 'అభిమానం వదిలి, తిరిగొచ్చి తొక్కడం' అని దానికో పేరుంది. వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి దాచిన ఫొటోలు, పాత పోస్టులు, అన్నీ ఉంటాయి. బయటి యాంటీ ఊహించి తిడతాడు, పాత అభిమాని ఆధారంతో తిడుతుంది.


కూకట్‌పల్లి కుర్రాడు | మధ్యాహ్నం 2:20

[ఈ వ్యాఖ్య తొలగించబడింది]


వేదిక నిర్వాహకులు | మధ్యాహ్నం 2:41

ట్రాన్స్ వ్యక్తుల మీద వెటకారం ఈ వేదికలో కుదరదు. ఒక వ్యాఖ్య తీసేశాం. చర్చ బాగా నడుస్తోంది, చెడగొట్టకండి.


మందారం_దుబాయ్ | సాయంత్రం 4:30

ఆడ ఐడల్స్‌ని ఎవరూ తేలేదు, నేను తెస్తున్నాను. 2018లో టెన్సెంట్ అనే పెద్ద ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల 101 మంది అమ్మాయిల పోటీ వచ్చింది. అందులో వాంగ్ జూ మధ్యలో చేరింది. చామనఛాయ, బొద్దు ఒళ్లు, గట్టి మాట. "నరకం ఖాళీ అయింది, వాంగ్ జూ ఇక్కడికొచ్చింది" అని జోకులు. మగాడిలా ఉందని కూడా. ఆమె స్టేజీ మీద నిలబడి, గర్ల్ గ్రూప్ అంటే ఎలా ఉండాలో తేల్చే హక్కు మీ చేతిలోనే ఉంది అన్న అర్థంలో మాట్లాడింది. ఉన్నట్టుండి గాలి మళ్లింది. పేరులో 'జూ' అంటే చామంతి కాబట్టి, చామంతుల మీద పద్యాలు రాసిన పాతకాలపు కవి తావ్ యువాన్‌మింగ్ పేరు పెట్టుకున్నారు ఆమె అభిమానులు! గే కుర్రాళ్లు చాలామంది ఆమె కోసం ఓట్లు అడిగారు. చివరికి తొలి 11 మందిలోకి రాలేదు, అది వేరే సంగతి.

అదే పోటీలో యాంగ్ చావ్‌యువె ఉంది. పల్లెటూరి పిల్ల, ఫ్యాక్టరీలో పని చేసొచ్చింది, అందగత్తె. శ్రుతి తప్పేది, ఏడ్చేసేది. మూడో స్థానం వచ్చింది. వాంగ్ జూని ఆడదానిలా లేదని తిట్టారు, ఈమెని ఆడతనం తప్ప ఇంకేం లేదని తిట్టారు. కష్టపడకుండా అదృష్టంతో నెగ్గిందని ఆమెని 'అదృష్టపు చేప' అన్నారు. ఆ చేప బొమ్మని పరీక్షల ముందు షేర్ చేసి మొక్కుకునేవాళ్లు కూడా ఉన్నారు. నింగ్బో గారి చున్ అన్న కథే మళ్లీ.

నాకైతే యాంగ్ అంటే ఒళ్లు మంటే. బాగా పాడే పిల్లల్ని తోసేసి ముందుకెళ్లింది. నేనూ యాంటీనేనేమో, చూసుకోవాలి.


బోర్డు మీద సుద్ద | రాత్రి 8:05

మందారం గారి నిజాయితీకి దండం.

ఒక సంగతి రాయకుండా నిద్రపట్టదు. అక్కడ అబ్బాయిల్ని తిట్టే మాట 'నియాంగ్‌పావ్'. 'నియాంగ్' అంటే స్త్రీ. మనవాళ్లు 'ఆడంగి' అన్నట్టే. అది వీధిలో పుట్టిన తిట్టు. 2018 సెప్టెంబర్‌లో పిల్లలందరూ చూడాల్సిన, బడి తెరిచే రోజు టీవీ కార్యక్రమంలో సుకుమారంగా ఉన్న నలుగురు కుర్రాళ్లు కనబడ్డారని తల్లిదండ్రులు మండిపడ్డారు. వెంటనే షిన్హువా వార్తా సంస్థ ఈ ఆడంగి గాలి ఆగాలి అని వ్యాఖ్య రాసింది. పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ కాస్త మెత్తగా, మగతనానికి కొలత రూపం కాదు అన్న ధోరణిలో రాసింది. 2019 జనవరిలో ఐచియీ అనే వీడియో సైటు కార్యక్రమాల్లో మగ నటుల చెవి పోగులు మసకబారిపోయాయి. చెవి ఉన్న చోట ఒక మబ్బు. 2021 జనవరిలో విద్యాశాఖ, మగపిల్లలు ఆడతనం వైపు పోకుండా చూడాలన్న ఒక ప్రతిపాదనకి జవాబిస్తూ, వ్యాయామ ఉపాధ్యాయుల్ని పెంచుతామంది.

ఆ తర్వాత అసలు తమాషా. 2021 మేలో ఒక ఐడల్ పోటీలో పాల పానీయం సీసా మూత లోపల ఓటు కోడ్ పెట్టారు. మనుషుల్ని పెట్టి సీసాలు తెరిపించి పాలు కాలవలో పోయించిన వీడియో బయటికొచ్చింది, ఫైనల్ ఆగిపోయింది. ఆగస్టు 27న సైబర్ పాలనా సంస్థ పది అంశాల ఉత్తర్వు ఇచ్చింది. తారల ర్యాంకు జాబితాలు రద్దు, అభిమానులు ఒకరినొకరు తిట్టుకోవడం ఆపించాలి, మైనర్లు డబ్బు పెట్టకూడదు. బాగానే ఉంది. వారం తిరక్కుండా సెప్టెంబర్ 2న రేడియో, టీవీ పాలనా సంస్థ ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 'నియాంగ్‌పావ్ లాంటి వికృత సౌందర్యాన్ని' తెర మీద లేకుండా చేయాలని. సర్కారీ కాగితం మీద, సర్కారీ భాషలో, యాంటీ ఫ్యాన్ తిట్టు. ఒకరినొకరు తిట్టుకోకండి అన్న వారానికే!

హూపూ కుర్రాడు ఎప్పట్నుంచో అంటున్న మాటకి ముద్ర పడింది. ఇక అతను యాంటీ ఫ్యాన్ కాదు, బాధ్యత గల పౌరుడు.


కూకట్‌పల్లి కుర్రాడు | రాత్రి 8:50

మేడం, తీసేసిన కామెంట్‌కి సారీ. నోరు జారాను.
కానీ ర్యాంకు లిస్టులు ఎత్తేయడం మంచిదే అంటారా? లేక అది కూడా తప్పేనా?


బోర్డు మీద సుద్ద | రాత్రి 9:10

మంచిదే. ఆ పిల్ల నూడుల్స్ వేడిగా తింటుంది. రెండూ ఒకే గంపలో పెట్టి ఇచ్చారనేదే నా గొడవ.


నింగ్బో_టు_నెల్లూరు | రాత్రి 9:32

తిట్లకి చట్టం లేదనుకోకండి. 2013లోనే అక్కడి సుప్రీంకోర్టు ఒక లెక్క పెట్టింది. పరువు తీసే అబద్ధపు పోస్టుని 5000 సార్లు చూసినా, 500 సార్లు షేర్ చేసినా క్రిమినల్ కేసు అవ్వొచ్చు. దాంతో కొందరు తమ తిట్టు పోస్టు కింద తామే "499 దగ్గర ఆపండి" అని జోకులేసేవాళ్లు. తారలు సివిల్ కేసులూ వేస్తారు, ఓడినవాళ్లు వీబోలో క్షమాపణ పెట్టాలి.


స్వాతి_శాన్ హోసే | ఆదివారం, ఉదయం 7:25

ఇది ఐడల్స్‌తో ఆగలేదు కూడా. 2024 ఆగస్టు 3, పారిస్ ఒలింపిక్స్, టేబుల్ టెన్నిస్ మహిళల ఫైనల్. ఇద్దరూ చైనా వాళ్లే, చెన్ మెంగ్, సున్ యింగ్షా. హాల్లో గోలంతా సున్ వైపే. చెన్ 4-2తో గెలిచింది. దేశానికి బంగారం తెచ్చిన రాత్రే ఆమెకి తిట్లు, సొంత దేశం వాళ్ల నుంచే. బీజింగ్ పోలీసులు 29 ఏళ్ల మహిళని అదుపులోకి తీసుకున్నారు. వీబో వేల పోస్టులు తీసేసింది. అదే నెలలో ఈతగాడు పాన్ జాన్‌లె తన పేరు మీదున్న అభిమాన బృందాన్ని తానే రద్దు చేయించాడు. కామెంట్ల అదుపు, జాబితాలు, రిపోర్టులు, అంతా ఐడల్స్ దగ్గర నేర్చిన విద్యే.

చూడండి, అరెస్టు అయిందీ ఆడమనిషే. హూపూలో మీమ్‌లు చేసినవాళ్లు హాయిగా ఉన్నారు.


మందారం_దుబాయ్ | ఉదయం 8:40

స్వాతి గారూ, అది కొంచెం అన్యాయం. ఆమె రాసినవి మీమ్‌లు కాదు, ఆటగాళ్ల మీదా కోచ్‌ల మీదా దారుణమైన నిందలని పోలీసులు చెప్పారు. ఆడదైనంత మాత్రాన వదిలేయమంటామా?


స్వాతి_శాన్ హోసే | ఉదయం 8:58

వదిలేయమనలేదు. ఎవరి తిట్టు నేరంగా కనిపిస్తుంది, ఎవరిది కామెడీగా కనిపిస్తుంది అని అడుగుతున్నా. ఒప్పుకోకపోతే సరే.


మందారం_దుబాయ్ | ఉదయం 9:03

ఒప్పుకోను :)


నింగ్బో_టు_నెల్లూరు | సాయంత్రం 6:15

ఈ చర్చ చదివి ఉండబట్టలేక నా పాత క్లాస్‌మేట్‌కి మెసేజ్ పెట్టాను, ఆ నూడుల్స్ అమ్మాయికి. ఇప్పుడు పిల్లల డాక్టరు. "నేను రిటైరైన ఆడకూలీని, పెన్షన్ రాలేదు" అంది. ఆ ఐడల్ అంటే ఇప్పుడు ఇష్టమూ లేదు, కోపమూ లేదట. అప్పుడు తను రిపోర్ట్ కొట్టి మూయించిన అకౌంట్లలో ఒకటి స్కూలు పిల్లదని తర్వాత తెలిసిందట, అది మాత్రం గుర్తొస్తూ ఉంటుందంది.

తర్వాత నన్నడిగింది: "మీ దగ్గర హీరోల కోసం కొట్టుకునేది మగవాళ్లని విన్నాను. మరి ఆడవాళ్లు ఏం చేస్తారు?" నాకు జవాబు తోచలేదు. బెంచీ టికెట్ గారూ, మీరే చెప్పాలి.


బెంచీ టికెట్ | రాత్రి 7:40

మా రోజుల్లో కటౌట్‌కి దండలేసింది మగాళ్లు, కొబ్బరికాయ కొట్టింది మగాళ్లు, పేడ కొట్టిందీ మగాళ్లే బాబూ. ఆడవాళ్లు మొదటి రోజు ఆట దరిదాపులకి వచ్చేవాళ్లు కాదు. వస్తే వాళ్లకి వేరే లైను ఉండేది. ఆ లైనులో జనం తక్కువ, టికెట్ తొందరగా దొరికేది. మేం చొక్కాలు చింపుకుని గంట నిలబడ్డా దొరక్క, చివరికి వెళ్లి అక్కడ నిలబడ్డ ఏ పిన్నినో బతిమాలుకుని నాలుగు టికెట్లు తెప్పించుకునేవాళ్లం.


పెరుగన్నం | రాత్రి 7:46

అంటే మీ వీరాభిమానానికి కూడా టికెట్లు కొనిపెట్టింది ఆడవాళ్లేనన్నమాట!


బెంచీ టికెట్ | రాత్రి 7:48

నిర్వాహకులు గారూ, నా పై కామెంట్ తీసేయడానికి వీలవుతుందా?